ఎర్రగడ్డల కబురు

వీధిలో "ఎర్రగడ్డలమ్మా, ఎర్రగడ్డలూ" అని కేక వినపడితే చాలు, గురవమ్మ చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది. పంతొమ్మిది వందల అరవై ఆరు వచ్చింది, అత్త పోయి ఎనిమిదేళ్ళయింది, అయినా అంతే. ఆ అమ్మేవాడికేం తెలుసు పాపం, వాడు నిజంగానే ఎర్రగడ్డలు అమ్ముకుంటున్నాడు. ఒకప్పుడు ఇదే వీధిలో ఇదే కేక తెల్లచీర కట్టిన ఒక నర్సమ్మ నోట వినపడేదనీ, ఆమె సంచీలో ఒక్క ఎర్రగడ్డ కూడా ఉండేది కాదనీ చెబితే వాడు నమ్ముతాడా?

ఆ నర్సమ్మ పేరు ప్రేమలీల. బాపట్ల అమ్మాయి. నెల్లూరులో ఆడవాళ్ళ ఆస్పత్రిలో ఉద్యోగం. నెలకోసారి మైపాడు బస్సెక్కి, ఇందుకూరుపేట దాటాక వీళ్ళ ఊళ్ళో దిగేది. కాన్పులు, పసిబిడ్డల మంచిచెడ్డలు చూసేది. దాంతో పాటు ఆస్పత్రి డాక్టరమ్మ ఆమెకు ఇంకో పని కూడా పెట్టింది. ఆడవాళ్ళ రొమ్ముల్లో గడ్డలేమైనా ఉన్నాయేమో ముందుగానే తడిమి చూడాలి. చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే కోసి తీసేస్తారు, మనిషి బతుకుతుంది. ముదిరితే ఎవరూ ఏమీ చెయ్యలేరు. అదీ సంగతి.

సంగతి మంచిదే గానీ, చెప్పడం చేతకావద్దూ? వచ్చిన మొదటి రోజే ఆ పిల్ల వీధి మధ్యలో నిలబడి, "అమ్మా, ఎవరికైనా రొమ్ములో గడ్డ ఉంటే దాచుకోకుండా రండి" అని గొంతెత్తి పిలిచింది. అరుగు మీద పులిజూదం ఆడుతున్న మగవాళ్ళు కాయలు వదిలేసి నోళ్ళు తెరిచారు. ఆడవాళ్ళు కొంగులు మొహాన కప్పుకుని ఎక్కడివాళ్ళక్కడ మాయం. వీధిలో ఆ పిల్లా, నాలుగు కోళ్ళూ మిగిలారు.

అప్పుడు గురవమ్మ అత్త వెంకటశేషమ్మ బయటికొచ్చి, ఆ పిల్ల రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. వెంకటశేషమ్మంటే ఊళ్ళో అందరికీ హడలే. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"ఏమ్మా బిడ్డా, నీకేమన్నా బుద్ధుండాదా? ఆ మాట నడివీధిలో అంత గొంతేసుకుని అంటే ఎవుతి వస్తాదమ్మా?"

"మరేమనాలి పెద్దమ్మా? గడ్డను గడ్డ అనే కదా అనాలి" అంది ప్రేమలీల, ఏడుపు మొహంతో.

"గడ్డ అనే అను. ముందొక ఎరుపు తగిలించు. ఎర్రగడ్డలుండాయా అమ్మా అని అడుగు. మాకు తెలస్తాది. మగోళ్ళకు కూరలోకనే తప్ప ఇంకేం తెలస్తాది?"

"ఎర్రగడ్డలంటే ఏంటి పెద్దమ్మా?"

వెంకటశేషమ్మ ఒక క్షణం బిత్తరపోయి, తర్వాత పగలబడి నవ్వింది. బాపట్ల వైపు వాటిని ఉల్లిపాయలంటారని ఆమెకు మాత్రం ఏం తెలుసు?

అలా మొదలైంది. మరుసటి నెల నుంచీ ప్రేమలీల సంచీ భుజానేసుకుని, "ఎర్రగడ్డలున్నాయా అమ్మా?" అంటూ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది. అనుమానమున్న ఆడది గుమ్మంలోకొచ్చి, "మా ఇంట్లో ఒకటుండాది, చూసిపోమ్మా" అనేది. అందరూ చేరే చోటు మాత్రం వెంకటశేషమ్మ ఇంటి వెనకాల వడ్ల కొట్టు. మొలగొలుకుల వడ్లు కుప్పగా పోసి ఉండే ఆ చల్లటి చీకటి గదిలో, గోనెపట్టా మీద ఒకరి తర్వాత ఒకరు పడుకునేవాళ్ళు. ప్రేమలీల చేతులు చల్లగా ఉండేవి. ముందు రెండు అరచేతులూ రుద్దుకుని, తన చెంపలకు ఆనించుకుని, వెచ్చబడ్డాయని నమ్మకం కుదిరాకే తడిమేది. చక్కిలిగింతలకు కొందరు, సిగ్గుతో కొందరు, ఊరికే కొందరు కిలకిలా నవ్వేవాళ్ళు. "నవ్వింది చాలు, ఇంటికాడ కూడా ఇట్టా చూసుకోవాల. నీళ్ళు పోసుకునేటప్పుడు అరచేత్తో, గుండ్రంగా" అని ఆ పిల్ల వీళ్ళ యాసే నేర్చుకుని వీళ్ళకే చెప్పేది. గురవమ్మ అప్పటికి కాపరానికొచ్చి కొద్దికాలమే. పుట్టింట్లో ఉన్నప్పుడు కూడా అంత నవ్విన గుర్తు లేదామెకు. పని అయ్యాక సద్దన్నం, నంజుకోవడానికి పచ్చి ఎర్రగడ్డ. ఆ ఎర్రగడ్డను చూసి మళ్ళీ నవ్వులు. ఎంత బాగుండేవో ఆ పొద్దులు!

గురవమ్మ మొగుడు గంగులయ్య ఒకనాడు భోజనాల దగ్గర అన్నాడు కదా, "పాపం, ఆస్పత్రోళ్ళు ఆ పిల్లకు జీతం సరిగా ఇస్తా ఉండారో లేదో, ఎర్రగడ్డలమ్ముకుంటా తిరగతా ఉండాది. మనమన్నా కొన్ని కొనకూడదూ?" అని. అత్తా కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అన్నం ముగించడానికి నానా తంటాలు పడ్డారు.

ఊరికే నవ్వులాట కాదు. మైపాడు నుంచి చేపల గంప తెచ్చే మస్తానమ్మకు అలాగే ఒక గడ్డ దొరికింది. చిన్నగా ఉన్నప్పుడే దొరికింది కాబట్టి నెల్లూరులో కోసి తీసేసి పంపించారు. ఆమె ఇప్పటికీ గంప నెత్తిన పెట్టుకుని వస్తుంది, ఇప్పటికీ బేరానికి ఒక్క మెట్టు దిగదు.

అందర్నీ కొట్టులోకి తోలిన వెంకటశేషమ్మ మాత్రం ఏనాడూ లోపలికి పోలేదు. కర్ర పట్టుకుని గుమ్మంలో కూర్చునేది. కోళ్ళనూ మగవాళ్ళనూ ఆ కర్రతోనే అదిలించేది. "మీరూ రండి పెద్దమ్మా" అని ప్రేమలీల పిలిస్తే, "నేను లోపలికొస్తే కాపలా ఎవురుంటారే? నాకేం రోగం, రాయిలాగా ఉండాను" అనేది.

అలా కొన్నేళ్ళు గడిచాక యాభై ఏడులో, రోహిణి ఎండలు తగ్గీ తగ్గకముందే మద్రాసు వైపు నుంచి జొరం దిగింది. పేపర్లో ఫ్లూ అని రాశారట. ఓడల్లో వచ్చిందనీ, దేశదేశాలకూ పాకిందనీ టీ కొట్టు దగ్గర చెప్పుకున్నారు. ఊళ్ళో మాత్రం అది మద్రాసు జొరమే. ఒక ఇంట్లో లేచేలోగా పక్కింట్లో పడుకున్నారు. గుమ్మాలకు వేపమండలు కట్టి, ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు. బస్సు డ్రైవరు పడకేశాడు, మైపాడు బస్సు ఆగిపోయింది. ఏ మహానుభావుడు పుట్టించాడో గానీ, తలగడ కింద ఎర్రగడ్డ పెట్టుకుంటే జొరం దగ్గరికి రాదనే మాట ఒకటి ఊరూరా పాకింది. ఇంకేముంది, ఎవరి నోట విన్నా ఎర్రగడ్డలే.

ప్రేమలీల రావడం మానేసింది. ఆస్పత్రిలో జొరం వాళ్ళకే చోటు చాలడం లేదట, వరండాల్లో చాపలేసి పడుకోబెడుతున్నారట, నర్సుల్లో సగం మంది మంచాన పడ్డారట, ఊళ్ళ తిరుగుడు ఆపేశారట. "జొరాలు పోయినాక వస్తాదిలే" అనుకున్నారు ఆడవాళ్ళు. వాళ్ళను మాత్రం ఏమనగలం? కానీ ఊరికి జొరమొచ్చిందని మిగతా రోగాలు సెలవు పెడతాయా ఎక్కడైనా?

ఒకనాడు పొద్దున గురవమ్మ అత్త వీపు రుద్దుతూ నీళ్ళు పోస్తోంది.

"మేయ్ గురవా, నా దగ్గరొక ఎర్రగడ్డ ఉండాదే."

"తలగడ కిందదా అత్తా? కుళ్ళిపోయిందా? వేరేది పెడతాలే" అంది గురవమ్మ, చెంబు ముంచుతూ.

వెంకటశేషమ్మ కోడలి తడి చేతిని పట్టుకుని తన ఎడమ రొమ్ము మీద పెట్టుకుంది. వేళ్ళ కింద చిన్న రేగ్గింజంత, గట్టిగా తగిలింది. గురవమ్మ చేతిలో చెంబు జారి బండ మీద పడింది.

"నొప్పుండాదా అత్తా?"

"లేదే. అదే కదా ఆ పిల్ల చెప్పతా ఉండేది, నొప్పి లేనిదే ఎక్కువ చెడ్డదని." ఆ నోరు గల మనిషి అంత నెమ్మదిగా మాట్లాడటం గురవమ్మ అంతకుముందు వినలేదు.

గంగులయ్య మర్నాడు వడ్ల బస్తాలు బండికెత్తుకుని నెల్లూరు మిల్లుకు పోవాల్సి ఉంది. అతనితో చెప్పేస్తానంది గురవమ్మ. అత్త కస్సుమంది.

"వాడు నా కొడుకే. వాడు పాలు తాగిన చోట గడ్డ పుట్టిందని ఏ నోటితో చెప్తావే వాడికి? చెప్తే నా మీద ఒట్టే."

"మరెట్టా అత్తా? నన్ను ఒంటిగా పోనిస్తారా?"

"ప్రేమలీలమ్మతో నా మాటగా చెప్పమను. వెంకటశేషమ్మకు ఎర్రగడ్డ అని. అంత చాలు. ఆ పిల్ల ఎగిరి దూకి వస్తాది."

గురవమ్మ మొగుడికి అదే మాట చెప్పింది. ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. "ఆమెతోనే చెప్పయ్యా, వేరే ఎవురితో అన్నా వాళ్ళకు తెలవదు" అంది. "ఓసి దీనికింత చెప్పాల్నా" అని అతను బండెక్కాడు. ఆ రోజంతా అత్త ఏ పని చేస్తున్నా కళ్ళు వీధి వైపే ఉన్నాయి. గురవమ్మ కళ్ళు అత్త మీదున్నాయి.

పొద్దు వాలేసరికి బండి వచ్చింది. గంగులయ్య దిగుతూనే ఒక మూట భుజాన వేసుకొచ్చి, తల్లి ముందు కుమ్మరించాడు. నేల మీద ఎర్రగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ అన్నీ ఎర్రగడ్డలే.

"గేటుకాడ సమాధానం అని ఒక వాచ్‌మన్ ఉండాడమ్మా. జొరమా అన్నాడు. కాదన్నా. కాన్పా అన్నాడు. కాదన్నా. ప్రేమలీలమ్మతో చెప్పాల, మా అమ్మకు ఎర్రగడ్డ అన్నా. వాడికి ఎక్కళ్ళేని కోపమొచ్చింది. 'ఈడ మనుషులు చస్తా ఉంటే నీకు ఎర్రగడ్డలు కావాల్సొచ్చినాయా, పెద్ద బజారుకి పో' అన్నాడు. ఆ నర్సమ్మ కూడా జొరంతో పడకేసిందంట. ఆమే పడకేస్తే ఆమె వ్యాపారమేముంటాది? వాడు చెప్పిందీ నిజమే అనిపించింది. నువ్వు ఏనాడన్నా నోరు తెరిచి నాకిది కావాలని అడిగినావా అమ్మా? అంగళ్ళన్నీ తిరిగి, ఒక్కోటీ చేత్తో ఏరినా."

వెంకటశేషమ్మ ఆ రాశిని చూసింది, కొడుకు మొహం చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, గోడకానుకుని, కళ్ళెమ్మట నీళ్ళు ధారగా కారేదాకా నవ్వింది. గంగులయ్య కూడా సంతోషంగా నవ్వాడు. గురవమ్మ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అతను ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి పోయాక, అత్త ఒక ఎర్రగడ్డ చేతిలోకి తీసుకుని, "ఎంత మంచియ్యి ఏరినాడో చూడవే నా బిడ్డ" అంది.

"అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఒట్టు తీసెయ్యి. నేను చెప్తా."

"జొరాలు తగ్గనీ. ఆ పిల్లే వస్తాదిలే."

ఆ వారంలోనే గురవమ్మకు జొరం తగిలింది. ఆమె లేచేసరికి గంగులయ్యకు, అతను లేచేసరికి పిల్లలకు. అందరికీ గంజి కాచి పోసింది, తడిగుడ్డ వేసింది ఆ వెంకటశేషమ్మే. ఆమెకు మాత్రం ఆ మాయదారి జొరం రానే లేదు. తలగడ కింద ఎర్రగడ్డ మహిమని గంగులయ్య అందరికీ చెప్పుకున్నాడు.

కార్తీకం వచ్చాక గానీ వీధిలో మళ్ళీ ఆ కేక వినపడలేదు. ప్రేమలీల చిక్కి సగమైంది. "ఎర్రగడ్డలున్నాయా అమ్మా?" అనే గొంతు కూడా సన్నబడింది. ఆ రోజు వెంకటశేషమ్మ తన కర్ర గురవమ్మ చేతికిచ్చి, "నువ్వుండవే కాపలా" అని మొదటిసారి కొట్టులోకి పోయింది. లోపల నుంచి నవ్వు వినపడలేదు. చాలాసేపటికి ప్రేమలీల బయటికొచ్చి, గురవమ్మ భుజం మీద తల పెట్టి, "చంకలోకి కూడా పాకిందక్కా. ఎందుకు కబురు చెయ్యలేదు?" అంది. చేశామని చెప్పడానికి గురవమ్మకు నోరు రాలేదు.

నెల్లూరు తీసుకుపోయారు. జొరాలప్పుడే వచ్చుంటే బాగుండేదని డాక్టరమ్మ బాధపడింది. కోసినా లాభం లేదంది. గంగులయ్యతో లోపల పుండని చెప్పారు. అతను నమ్మాడు. మరుసటి ఎండాకాలానికి వెంకటశేషమ్మ పోయింది. చివరి రోజుల్లో అన్నం సయించకపోతే, గంగులయ్య పక్కన కూర్చుని ఎర్రగడ్డ పొట్టు తీసి, చిన్న ముక్క చేసి పెట్టేవాడు. ఆమె కాదనకుండా నమిలేది.

తర్వాత ప్రేమలీల కొన్నాళ్ళు వచ్చింది. పెద్ద నర్సయ్యాక ఆస్పత్రి వదిలి రావడానికి వీలు లేకపోయింది. వేరే వాళ్ళెవరూ నిలకడగా రాలేదు. కొట్టులో వడ్లు ఉన్నాయి, చీకటి ఉంది, ఆ గోనెపట్టా కూడా ఉంది. నవ్వే వాళ్ళు లేరు. గురవమ్మ ఒక్కోసారి ఊరికే ఆ గుమ్మంలో కూర్చుని అత్త కర్రతో కోళ్ళను అదిలించేది. కళ్ళ ముందే అంతా ఉన్నట్టుండేది.

ప్రతి ఏడూ తల్లి పోయిన రోజున గంగులయ్య కొత్తచీర పక్కన ఎర్రగడ్డలు రాశి పోస్తాడు. వచ్చిన వాళ్ళకల్లా చెబుతాడు, "మా అమ్మ జన్మలో నన్ను అడిగింది ఇదొక్కటే. మూటెడు తెచ్చినా. ఎంత సంతోషపడిందనుకున్నారు!" గురవమ్మ తల వంచుకుని విస్తళ్ళు వేసుకుంటూ పోతుంది. పోయిన మనిషి మీద ఒట్టు ఉంది. ఒట్టు లేకపోయినా, ఆ మాట చెప్పి అతని గుండె పగలగొట్టడం ఆమె వల్ల కాదు.

ఇదిగో, ఇప్పుడు కోతల రోజులు. ఎర్రగడ్డల వాడి కేక వీధి మలుపు తిరిగింది. గురవమ్మ చేతిలో పని ఆగింది, ఆ పాత నవ్వులన్నీ గుర్తొచ్చాయి, వాటితో పాటే ఈ పొద్దున తాను నీళ్ళు పోసుకుంటుంటే తన అరచేతికి తగిలింది కూడా గుర్తొచ్చింది. అరచేత్తో, గుండ్రంగా. కుడివైపు. రేగ్గింజంత. నొప్పి లేదు.

గంగులయ్య పెరట్లో కొడవలి నూరుకుంటున్నాడు. ఆమె పోయి ఎదురుగా నిలబడింది.

"ఏమయ్యా, బండి కట్టు. నెల్లూరుకి పోవాల."

"కోతలు పెట్టుకుని నెల్లూరేందే? అయిపోయినాక పోదాంలే."

"నా రొమ్ములో గడ్డుండాది."

అతను గబుక్కున చుట్టూ చూశాడు. "మెల్లిగా చెప్పవే, ఎవురన్నా వింటే?"

"మెల్లిగానా? మీయమ్మ కూడా మెల్లిగానే చెప్పింది కదయ్యా! ఏమైంది?" గురవమ్మకు ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. "అత్తా, నన్ను మన్నించు. ఇంక నా వల్ల కాదు. ఏమయ్యా, ఆమెకు లోపల పుండు కాదు, ఇదే. ఎర్రగడ్డంటే గడ్డయ్యా. మీకు తెలవకుండా మేము పెట్టుకున్న మాట. ఆ పొద్దు నీతో పంపింది ఆ కబురే."

కొడవలి అతని చేతిలోంచి జారింది.

"నేను మూటెడు తెచ్చినానే."

"తెచ్చినావు."

"నవ్వింది కదే అమ్మ? కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది కదే! నేను సంతోషమనుకున్నా."

"నీ మీద ఆమెకు ఇంత కూడా కోపం లేదయ్యా. మంచియ్యి ఏరినాడనింది."

గంగులయ్య లేచాడు. మొహం కడుక్కోలేదు, అన్నం తినలేదు, కోత సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎడ్లను విప్పుకొచ్చి బండి కట్టాడు. బస్సు కోసం ఆగుదామన్నా వినలేదు. నెల్లూరు దాకా ఎడ్లను అదిలిస్తూనే ఉన్నాడు.

ఆస్పత్రి గేటు దగ్గర ఆ వాచ్‌మన్ సమాధానమే ఉన్నాడు, జుట్టు నెరిసింది. ముందు జట్కాలు, రిక్షాలు, జనం. "ఏం పనయ్యా?" అన్నాడు.

గంగులయ్య బండి దిగి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, రోడ్డవతల వాళ్ళకు కూడా వినపడేలా అన్నాడు: "నా పెళ్ళానికి రొమ్ములో గడ్డుండాది. ప్రేమలీలమ్మను పిలువు."

జనం తిరిగి చూశారు. గురవమ్మ చెయ్యి కొంగు మీదకు పోయింది. మళ్ళీ ఏమనుకుందో, మొహం కప్పుకోకుండా అలాగే నిలబడింది. సమాధానం గబగబా గేటు తీశాడు.

ప్రేమలీల వరండాలో పరుగులాంటి నడకతో వచ్చింది. ఒళ్ళు చేసింది, కళ్ళద్దాలు పెట్టింది. గురవమ్మను చూడగానే మొహం వెలిగి, మగమనిషి పక్కనున్నాడని గొంతు తగ్గించి, "ఎర్రగడ్డా అక్కా?" అంది.

"కాదమ్మా, గడ్డే" అన్నాడు గంగులయ్య.

ప్రేమలీల ఆమెను లోపల బల్ల మీద పడుకోబెట్టింది. అరచేతులు రుద్దుకుని, చెంపలకు ఆనించుకుంది. తడిమి చూసింది, చంకలో చూసింది, మళ్ళీ చూసింది. డాక్టరమ్మను పిలిచి చూపించింది. తర్వాత గురవమ్మ చెయ్యి పట్టుకుని, "చిన్నదే అక్కా, ఎక్కడికీ పాకలేదు. ఈ వారంలోనే తీసేస్తారు. మంచి వేళకొచ్చినావు" అంది.

గురవమ్మ బయటికొచ్చి మొగుడికి ఆ మాట చెప్పింది. అతను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టుకున్నాడు. కాసేపయ్యాక నేల చూస్తూ అడిగాడు.

"ఆ పొద్దు అమ్మకు కూడా ఇంతే ఉండిందా?"

లేదని ఒక్క మాట అంటే అతను బతికినన్నాళ్ళూ నిమ్మళంగా ఉంటాడు. ఆ మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. కానీ మాట మార్చి చెప్పడం ఇంక ఆ ఇంట్లో వద్దనుకుంది.

"ఇంతే ఉండింది" అంది గురవమ్మ.

గంగులయ్య వరండా మెట్టు మీద కూలబడి, జొరాల ఏడు నుంచీ రావాల్సిన ఏడుపంతా ఏడ్చాడు. ఆమె పక్కనే కూర్చుని, అతని తలగుడ్డతోనే అతని మొహం తుడిచింది.